ముందు మాత్ర, తర్వాత ప్రార్థన

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం మా చిత్తూరు వాళ్లందరికీ తెలిసిన పేరే. 1915లో క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయ శానటోరియం తెరిచాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. అప్పటికి టీబీకి మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంటే దాదాపు ముప్పై ఏళ్లు అక్కడి వైద్యమంతా ప్రధానంగా మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. నెలల తరబడి పడుకుని ఎదురుచూడటమే! ఆ మంచాల మీద ఎన్ని ప్రార్థనలు చేసుంటారో.

పోయినేడు నాకూ టీబీ అని తేలింది. నాకు మాత్రం ఆరు నెలల మాత్రలు, అవీ ఉచితంగా. లాప్‌టాప్ మూసేసి, సెలవు పెట్టి ఊరికొచ్చేశా.

"ముందు మాత్ర మింగు నాయనా, ప్రార్థన తర్వాత చేద్దాం" అనేది మా అవ్వ. ఆ వరస నాకు నచ్చింది. ప్రార్థన ఉంటే మందులెందుకు అనేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

కానీ అర్ధరాత్రి చెమటతో తడిసి లేచినప్పుడు పట్టుకునే భయం ఉంది చూడండి, దానికి మాత్ర లేదు. అప్పుడు పౌలు గుర్తొచ్చేవాడు. శరీరంలో ముల్లు తీసెయ్యమని ఆయన మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. కృప తోడుంటుందన్న మాట దొరికింది. బాగు చెయ్యి ప్రభువా అని అడగడం మానలేదు గానీ, ఈ రాత్రి గడిపించు అని అడగడం అక్కడే నేర్చుకున్నా.

ఆరో నెల పరీక్షలో క్రిమి కనిపించలేదు. అవ్వ ఆ రాత్రి కూడా మోకరించింది, ఇంకా మాత్రలు మింగుతున్నవాళ్ల కోసం.