చెట్టు నీడ ఎవరికి?

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో ఏప్రిల్ వచ్చిందంటే నాయన సూడిబర్రెను పొద్దెక్కకముందే వేపచెట్టు కిందికి మార్చి, ముందర నీళ్ల తొట్టి నింపుతాడు. "కడుపుతో ఉన్న జీవానికి ఎండ రెండింతలు రా" అంటాడు. నిరుడు వేసవిలో, ఏడో నెల నడుస్తున్న మా అక్కను చూడటానికి హైదరాబాదులో ఆమె అద్దె గదికి వెళ్లినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. పైన రేకులు, చుట్టూ ఇరుకు గోడలు. రాత్రి పది దాటినా గోడ ముట్టుకుంటే చెయ్యి వెచ్చబడింది.

నాయన మాటలో శాస్త్రం ఉంది. కడుపులోని బిడ్డ ఉష్ణోగ్రత తల్లికంటే సుమారు అర డిగ్రీ ఎక్కువ. ఆ వేడి మావి ద్వారా తల్లి రక్తంలోకి చేరి, ఆమె చర్మం నుంచి బయటికి పోవాలి. ఎండ ముదిరితే రక్తం చర్మంవైపు మళ్లుతుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. అప్పుడు మావికి చేరే రక్తం తగ్గవచ్చు. 27 దేశాలకు చెందిన 70 పరిశోధనలను పరిశీలించి 2020లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే నెలలు నిండకుండానే కాన్పయ్యే అవకాశం సుమారు 5 శాతం పెరుగుతుంది.

వాతావరణ మార్పు వల్ల ఎండలు ఎక్కడైనా పెరుగుతున్నాయి. మరి పట్నానికే ఈ అదనపు బాధ ఎందుకు? కాంక్రీటు, తారు పగలంతా వేడిని మింగి రాత్రి వదులుతాయి. చల్లబరచే చెట్లు, చెరువులు తగ్గిపోయాయి. అందుకే ఒంటికి రాత్రి కూడా విశ్రాంతి దొరకదు.

ఉపాయాలు లేకపోలేదు. 2010 ఎండల్లో అహ్మదాబాదులోని ఒక ఆసుపత్రిలో, 42 డిగ్రీలు దాటాక పెరిగిన ప్రతి డిగ్రీకీ వేడి వల్ల జబ్బుపడి చేరిన పసికందుల సంఖ్య 43 శాతం హెచ్చింది. ప్రసూతి వార్డును పై అంతస్తు నుంచి కిందికి దించాక ఆ కేసులు తగ్గాయి. కొత్త మందు కాదు, చోటు మార్చారు, అంతే! మా నాయన బర్రెకు చేసేదీ అదే కదా!

ఎండను తిప్పికొట్టే చల్లని పైకప్పుల విధానాన్ని తెలంగాణ 2023లో ప్రకటించింది. కాని 600 గజాల లోపు ఇళ్లకు అది తప్పనిసరి కాదు. అక్క ఉండే రేకుల గది ఆ లెక్కలోకి రాదు.

అక్కను పురిటికి ఊరికి తీసుకుపోయాం. పగటి ఎండ అక్కడా ఎండే; కాని వేపచెట్టు ఉంది, రాత్రి ఆరుబయట గాలి ఆడుతుంది. ఆ వాడలో ఆమెలాంటి గర్భిణులు ఇంకా ఉన్నారు. పోవడానికి ఊరు లేనివాళ్లకు నీడ ఎవరిస్తారు? చదువుకుంటున్న మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.