గౌరీకుండ్‌లో గుర్రం ఎక్కేముందు

ఇంకా తెల్లవారకముందే గౌరీకుండ్ మేలుకుంటుంది. చీకట్లో మెడగంటల చప్పుడు, పేడ వాసన, "ఘోడా, ఘోడా" అంటూ కేకలు. విజయవాడ నుంచో వరంగల్ నుంచో చార్‌ధామ్ యాత్రకు వచ్చిన పెద్దవాళ్ళు మంకీ క్యాపులు చెవుల మీదికి లాక్కుని, మోకాళ్ళు తడుముకుంటూ నిలబడి ఉంటారు. కేదార్‌నాథ్ ఇంకా 16 కిలోమీటర్లు. గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. గౌరీకుండ్ నుంచి చూసుకున్నా దాదాపు 1,600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. నడవలేనివాళ్ళలో చాలామందికి గుర్రమే దిక్కు.

మనవాళ్ళు గుర్రం అంటారు గానీ, ఆ దారిలో మనుషుల్ని మోసేవాటిలో చాలావరకు కంచరగాడిదలు. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుట్టే జంతువు. అక్కడివాళ్ళు ఖచ్చర్ అంటారు. రాళ్ళదారిలో అడుగు తడబడదు, తక్కువ మేతతో నెట్టుకొస్తుంది, నొప్పి ఉన్నా తొందరగా బయటపెట్టదు.

ఆ ఓర్పే దాని ప్రాణం మీదికి తెస్తోంది. 2022లో యాత్ర మొదలైన కొద్ది వారాల్లోనే ఈ మూగజీవాలు పదుల సంఖ్యలో చనిపోయాయి. విశ్రాంతి లేని చాకిరీ, చాలినన్ని నీళ్ళు, మేత లేక వచ్చే కడుపునొప్పి ముఖ్య కారణాలుగా తేలాయి. మంచులాంటి నీళ్ళు అవి సరిగా తాగవు కాబట్టి, దారిలో వేడినీళ్ళ తొట్లు పెట్టాల్సి వచ్చింది. 2025 మేలో రెండు రోజుల్లోనే పదికి పైగా చనిపోవడంతో అధికారులు ఒక రోజంతా వాటి రాకపోకలు ఆపేశారు.

చట్టం లేక కాదు. బరువులు మోసే జంతువుల కోసం 1965లోనే కేంద్రం నియమాలు చేసింది. పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి వేయకూడదు, కంచరగాడిద మీద 200 కిలోలకు మించకూడదు. విశ్రాంతి ఇవ్వకుండా వరసగా 5 గంటలకు మించి, రోజు మొత్తం మీద 9 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనిలో పెట్టకూడదు. అంటే ఎండాకాలం మధ్యాహ్నం ఏ ఊళ్ళోనైనా పిల్లల్ని సరదాగా గుర్రం ఎక్కించేముందు గడియారం కూడా చూసుకోవాలన్నమాట. గ్రీస్ ఇంకాస్త ముందుకు వెళ్ళింది. శాంటొరిని దీవిలో మెట్లదారి మీద టూరిస్టుల్ని మోసే గాడిదల అవస్థ మీద గొడవ జరిగాక, 2018లో 100 కిలోలు లేదా జంతువు బరువులో అయిదో వంతు మించి వేయరాదని నియమం తెచ్చింది.

అయితే గౌరీకుండ్‌లో ఆ చీకటివేళ ప్రతి జీను దగ్గరా ఇన్‌స్పెక్టర్ నిలబడడు. అక్కడ ఉండేది యాత్రికుడే. చూడాల్సింది రెండు నిమిషాల పని. నిలబడి ఉన్న జంతువు ఒక కాలు నేలకు ఆనించలేకపోతోందా? నాలుగడుగులు నడిపించమంటే, అడుగు వేసినప్పుడల్లా తల ఎగరేస్తోందా? అలా ఉంటే కాలు నొప్పి ఉన్నట్టే. జీను కింది గుడ్డ ఒకసారి ఎత్తి చూపించమనాలి. వీపు మీద, పొట్ట పట్టీ ఒరుసుకునే చోట బొచ్చు ఊడి ఎర్రగా కనిపిస్తే అది పుండు. కళ్ళెం దగ్గర పెదవి మూలలు చిట్లాయా, నాడాలు ఊడాయా, ముక్కు కారుతోందా, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా? వీటిలో ఏది కనిపించినా "భయ్యా, ఇది వద్దు" అని, కారణం కూడా చెప్పాలి. ఎందుకు బేరం పోయిందో తెలిస్తేనే రేపు దానికి మందు పడుతుంది.

గుర్రం, కంచరగాడిద విషయంలో మంచి సవారీ, చెడ్డ సవారీ అనే తేడా ఉంది. ఏనుగు దగ్గర ఆ తేడా నిలవదు. గుర్రం వేల ఏళ్ళుగా మనిషి దగ్గర పుట్టి పెరుగుతున్న జంతువు. ఏనుగు అలా కాదు, మావటి ఇంట్లో పుట్టినా అది అడవి జంతువే. వీపు మీద మనిషిని ఎక్కనిచ్చేలా చేయడానికి చాలాచోట్ల పిల్ల ఏనుగును తల్లి నుంచి వేరుచేసి, కట్టేసి, భయపెట్టి లొంగదీస్తారు. కంబోడియాలోని అంగ్‌కోర్ ఆలయాల దగ్గర 2020లో ఏనుగు సవారీలు ఆపేశారు. మన జైపూర్ ఆమేర్ కోట ఎత్తు మీదికి మాత్రం అవి ఇంకా టూరిస్టుల్ని మోస్తూనే ఉన్నాయి. ఆ కోటకు జీపులో వెళ్ళొచ్చు, నడిచీ ఎక్కొచ్చు.

కేదార్‌నాథ్ దారిలో గుర్రాలన్నీ మానేయమంటే మాత్రం అన్యాయం. గుడి తెరిచి ఉండేది ఏడాదికి ఆరు నెలలే. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో కుటుంబాలు ఆ ఆరు నెలల సంపాదనతోనే చలికాలం గట్టెక్కుతాయి. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్రం ఆమోదం తెలిపింది. అది వచ్చేదాకా ఈ దారి బరువు ఈ జంతువుల మీదే. జంతువును బాగా చూసుకునేవాడికి బేరం దొరకాలి, చూసుకోనివాడికి దొరకకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న జంతువును ప్రీపెయిడ్ కౌంటర్‌లోనే తీసుకోవడం, సామాను విడిగా పంపడం, పైకి వెళ్ళినదాన్నే అదే రోజు కిందికి తిప్పమని పట్టుబట్టకపోవడం, నడవగలిగిన చోట దిగి నడవడం యాత్రికుడి చేతిలో పనులే.

దారిలో తొట్టి కనిపించగానే కంచరగాడిద తనంతట తానే ఆగుతుంది. తోలేవాడు వెనక వరస కదలాలని కళ్ళెం లాగుతాడు. అప్పుడు జీను మీదున్న ఆవిడ "తాగనీ బాబూ, మనకేం తొందర" అంటే చాలు. ఆ మాట తెలుగులో అన్నా అతనికి అర్థమవుతుంది.