ఒక పల్లెటూరి డాక్టరు, ఆయన ఇంటివారు



వార్డులో రౌండ్సుకు వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "సిస్టరమ్మా, అమెరికాలో మేయో అని పెద్ద ఆసుపత్రి ఉందట, మా అబ్బాయి చెప్పాడు. అక్కడ నయం కానిది ఉండదట గదా" అని. నయం కానిది ఏ ఊళ్ళోనైనా ఉంటుందమ్మా అని చెప్పి నవ్వి వచ్చేస్తాను. కాని ఆ ఆసుపత్రి పేరు వెనుక ఉన్న మనుషుల సంగతి తెలిసినవారు తక్కువ. వారిలో మొదటివాడు గుర్రపుబండి మీద ఊరూరా తిరిగిన ఒక పల్లె డాక్టరు. సైన్యంలో చేరవలసిన యువకులను పరీక్ష చేసే సర్జనుగా కూడా పనిచేశాడు. ఆయన పెద్దవాడు కావడానికి ఎందరి చేతులు కావలసి వచ్చాయో ఈసారి మీకు చెప్పాలని కూర్చున్నాను.

ఆయన పేరు విలియం వొరల్ మేయో. 1819లో ఇంగ్లాండులో మాంచెస్టరు దగ్గర పుట్టాడు. ఇరవై ఏడో ఏట, 1846లో, ఓడ ఎక్కి అమెరికా చేరాడు. న్యూయార్కులో బెల్‌వ్యూ ఆసుపత్రి మందుల విభాగంలో కొన్నాళ్ళు పనిచేశాడు. ఆ తరువాత ఇండియానా రాష్ట్రం వెళ్ళి బట్టలు కుట్టాడు. అవును, దర్జీ పనే. అక్కడే వైద్యం చదివి 1850లో డిగ్రీ తీసుకున్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో వైద్య విద్య అంటే కొద్ది నెలల ఉపన్యాసాలు, ఎవరో ఒక డాక్టరు దగ్గర శిష్యరికం, అంతే. మేము డిప్లొమాకు చదివిన మూడు సంవత్సరాలు దానికంటె ఎక్కువే.

1851లో లూయీస్ రైట్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇండియానాలో అప్పుడు మలేరియా విపరీతం. డాక్టరుకే చలిజ్వరం మాటిమాటికీ తిరగబెట్టేది. ఇక అక్కడ ఉండలేక 1854లో ఉత్తరాన చలి ప్రాంతమైన మిన్నెసోటాకు వలస వెళ్ళాడు. వైద్యంతో పొట్ట గడవని రోజులవి. ఆయన పశువులకు వైద్యం చేశాడు, పడవ నడిపాడు, పొలం సాగుచేశాడు. లూయీసమ్మ ఆడవాళ్ళ టోపీలు తయారుచేసి అమ్మే అంగడి పెట్టింది. ఇల్లు చాలావరకు ఆ అంగడి మీదే నిలబడింది. తరువాత ల స్యూర్ అనే ఊళ్ళో ఆయన తన చేతులతో ఒక చిన్న చెక్క ఇల్లు కట్టుకున్నాడు. అది ఇప్పటికీ ఉంది. పెద్దకొడుకు విల్ అక్కడే 1861లో పుట్టాడు.

లూయీసమ్మ గురించి ఇంకొక మాట. భర్త బండి కట్టుకుని ఏ పల్లెకో వెళ్ళినప్పుడు గుమ్మంలోకి వచ్చిన రోగులను చూసింది ఆమే. ఎముక విరిగినవారికి కట్టు కట్టేది, ఏ మందు ఇవ్వాలో చెప్పేది. చెట్లు, మొక్కలు, ఆకాశంలో నక్షత్రాలు ఆమెకు ఇష్టమైన చదువు. కొడుకులు తరువాత కాలంలో అమ్మను గురించి, ఆమె కూడా మంచి డాక్టరే అన్నట్టు చెప్పుకునేవారు. ఆమెకు సర్టిఫికెట్టు లేదు, అంతే తేడా.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటి ఉంది. మన పత్రికలో ఇది రాయవచ్చా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకుండా మిగతాది రాస్తే అది సగం నిజమే అవుతుంది.

1862 ఆగస్టులో మిన్నెసోటాలో యుద్ధం వచ్చింది. అక్కడి ఆదివాసులైన డకోటా ప్రజలు ఒప్పందాల మీద తమ భూములు వదులుకున్నారు. బదులుగా ప్రభుత్వం ఇవ్వవలసిన సొమ్ము ఆ ఏడు సకాలంలో రాలేదు. వ్యాపారులు అప్పు ఇవ్వలేదు. పిల్లలు ఆకలితో ఉన్నారు. కొందరు డకోటా యోధులు వలసవచ్చినవారి ఊళ్ళ మీద పడ్డారు. వందలమంది చనిపోయారు. న్యూ అల్మ్ అనే ఊరి మీద దాడి జరిగితే డాక్టర్ మేయో అక్కడికి వెళ్ళి గాయపడినవారికి వైద్యం చేశాడు. పారిపోయి వచ్చిన కుటుంబాలకు ల స్యూర్‌లోని ఆ చిన్న ఇంట్లో లూయీసమ్మ చోటు ఇచ్చి అన్నం పెట్టింది. ఇంతవరకు చెప్పుకోవడం సులువే.

యుద్ధం ముగిశాక సైనిక న్యాయస్థానం మూడు వందలకు పైగా డకోటా పురుషులకు మరణశిక్ష వేసింది. కొన్ని విచారణలు నిమిషాల్లో అయిపోయాయి. అధ్యక్షుడు లింకన్ చాలామంది శిక్షను ఆపాడు. అయినా 1862 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, మాంకేటో అనే ఊళ్ళో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఒకే రోజు అంతమందిని ఉరితీసిన సందర్భం ఇంకొకటి లేదు. నది ఒడ్డున ఇసుకలో వారిని పూడ్చారు. ఆ రాత్రే డాక్టర్లు వచ్చి శవాలను తవ్వి తీసుకుపోయారు. వాటిలో ఒకటి డాక్టర్ మేయోకు చేరింది. ఆ మనిషి పేరు మఖ్పియా ఒకినాజిన్, మబ్బులో నిలిచినవాడు అని అర్థమట. తెల్లవారు ఆయనను ముక్కు తెగినవాడు అని పిలిచేవారు. డాక్టరు ఆ దేహాన్ని కోసి పరిశీలించి, ఎముకలను శుభ్రం చేసి ఇంట్లో ఉంచుకున్నాడు. కొడుకులిద్దరు ఎముకల పాఠం నేర్చుకున్నది వాటి మీదే.

ఆ కాలంలో శవాల కోసం డాక్టర్లు ఇలాగే చేసేవారు అని కొందరు అంటారు. నిజమే, చేసేవారు. కాని ఎవరి శవాలు? అడగడానికి మనిషి లేనివారివి, ఉన్నా నోరు విప్పలేనివారివి. మేము నర్సింగులో చేరిన కొత్తలో అనాటమీ క్లాసులో ఎముకలు పట్టుకుని పేర్లు వల్లించాం. ఇవి ఎవరివి అని అప్పుడు ఒక్కరం కూడా అడగలేదు. ఇప్పుడు తమ దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇస్తామని బతికుండగానే సంతకం చేసి, ఇంటివారిని ఒప్పించి వెళ్ళేవారు ఉన్నారు. ఆ సంతకానికి ఎంత విలువ ఉందో ఈ కథ చదివాక నాకు బాగా తెలిసింది.

1863లో అమెరికా అంతర్యుద్ధం సాగుతుండగా డాక్టర్ మేయోను దక్షిణ మిన్నెసోటాకు సైనిక పరీక్షల సర్జనుగా నియమించారు. సైన్యంలో చేరవలసినవారి గుండె, కళ్ళు, కాళ్ళు, పళ్ళు చూసి పనికివస్తారో లేదో చెప్పడం ఆయన పని. ఆ ఆఫీసు రోచెస్టరు అనే చిన్న ఊళ్ళో ఉండేది. మరుసటి ఏడు కుటుంబాన్ని కూడా తీసుకువచ్చాడు. ఊరు నచ్చింది, అక్కడే ఉండిపోయారు. రెండో కొడుకు చార్లీ 1865లో అక్కడే పుట్టాడు. గెర్ట్రూడ్, ఫీబీ అని ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నారు. పసితనంలోనే పోయిన బిడ్డలు కూడా ఉన్నారు ఆ ఇంట్లో.

మగపిల్లలిద్దరు తండ్రి బండి ఎక్కి రోగుల ఇళ్ళకు వెళ్ళేవారు. ఆఫీసు ఊడ్చేవారు, కట్లు చుట్టేవారు. ఆయనకు కొత్త మైక్రోస్కోపు కావలసి వచ్చింది. అది 600 డాలర్లు, ఇల్లు తాకట్టు పెడితే తప్ప రాదు. లూయీసమ్మ ఆలోచించి, రోగుల మేలుకే గదా అని ఒప్పుకుంది. ఆ తాకట్టు తీరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇంకొక సంగతి చెబుతారు. ఒక ఆపరేషనులో మత్తు ఇస్తున్న డాక్టరు కళ్ళు తిరిగి పడిపోతే, తండ్రి చార్లీని పిలిచి ఈథర్ ఇవ్వమన్నాడట. పిల్లవాడికి బల్ల అందక పెట్టె మీద ఎక్కి నిలబడి ఇచ్చాడట. ఈ రోజుల్లో ఎవరైనా అలా చేస్తే నేనే ఊరుకోను.

1883 ఆగస్టు 21 సాయంత్రం రోచెస్టరు మీద సుడిగాలి పడింది. ఉత్తర భాగం నేలమట్టం అయ్యింది. ముప్పై మందికి పైగా చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. ఊళ్ళో ఆసుపత్రి లేదు. నాట్యశాలలో పరుపులు పరిచి గాయపడినవారిని పడుకోబెట్టారు. చూసుకునేవారు లేరు. డాక్టర్ మేయో సెయింట్ ఫ్రాన్సిస్ సభ కన్యాస్త్రీల మఠానికి వెళ్ళి మదర్ ఆల్ఫ్రెడ్ మోస్‌ను సహాయం అడిగాడు. ఆ సిస్టర్లు బడిలో పాఠాలు చెప్పేవారు. నర్సింగు తెలియదు. అయినా వచ్చారు.

ఆ పని ముగిశాక మదర్ ఆల్ఫ్రెడ్ మళ్ళీ డాక్టరు దగ్గరకు వచ్చి, ఈ ఊళ్ళో ఆసుపత్రి కడదామని అడిగింది. ఆయన వద్దన్నాడు. ఊరు చిన్నది, ఖర్చు ఎక్కువ, జనం ఆసుపత్రి అంటే చావడానికి వెళ్ళే చోటు అనుకుంటారు, నడవదు అన్నాడు. ఆమె పట్టు వదలలేదు. కట్టడం మా వంతు, వైద్యం చూసుకుంటానని మీరు మాట ఇవ్వండి, చాలు అంది. ఆయన చివరికి సరే అన్నాడు. సిస్టర్లు బడుల్లో పాఠాలు చెప్పి, సంగీతం నేర్పి, చేతిపనులు అమ్మి, తమ తిండి దగ్గర కూడా తగ్గించుకుని కొన్నేళ్ళు డబ్బు కూడబెట్టారు. 1889 సెప్టెంబరు 30న సెయింట్ మేరీస్ ఆసుపత్రి 27 పడకలతో తెరిచారు. డాక్టరుకు అప్పటికి డెబ్బై ఏళ్ళు. మొదటి ఆపరేషను కంటి గడ్డకు. చార్లీ కోశాడు, విల్ సాయం చేశాడు, తండ్రి మత్తు ఇచ్చాడు.

ప్రపంచమంతా చెప్పుకునే ఆసుపత్రిని మొదట వద్దన్నది డాక్టరు, కావాలన్నది ఒక టీచరమ్మ. నర్సుగా నాకు ఈ కథలో అన్నిటికంటె ఇష్టమైన మాట ఇది.

సిస్టర్లకు నర్సింగు నేర్పడానికి ఎడిత్ గ్రాహమ్ వచ్చింది. ఆ చుట్టుపక్కల రైతు కుటుంబం పిల్లే, చికాగోలో శిక్షణ పొందింది. మేయోల దగ్గర మత్తు ఇచ్చే పని కూడా చేసేది. 1893లో చార్లీ ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె తరువాత మత్తు పనికి వచ్చిన నర్సు ఆలిస్ మగా. ముఖం మీద గుడ్డ పెట్టి, రోగితో నెమ్మదిగా మాట్లాడుతూ, ధైర్యం చెబుతూ, ఈథర్ చుక్క చుక్కగా వేసేది. 1906లో ఆమె పద్నాలుగు వేలకు పైగా మత్తుల లెక్క ప్రచురించింది. వాటిలో మత్తు వల్ల నేరుగా పోయిన ప్రాణం ఒక్కటీ లేదు. మందు ఎంత ముఖ్యమో చెవిలో చెప్పే మాట అంత ముఖ్యం అని మేము ఈనాటికీ పిల్ల నర్సులకు చెబుతున్నాం.

ఎడిత్ దగ్గర నేర్చుకున్న సిస్టర్ మేరీ జోసఫ్ డెంప్సీ చాలా ఏళ్ళు విల్ మేయోకు ఆపరేషనులో మొదటి సహాయకురాలు. 1892 నుండి 1939 వరకు, 47 ఏళ్ళు, ఆ ఆసుపత్రి సూపరింటెండెంటు. రోగి పొట్టను ఆపరేషనుకు శుభ్రం చేస్తున్నప్పుడు ఆమె వేళ్ళకు ఒక సంగతి తెలిసింది. బొడ్డు దగ్గర గట్టి గడ్డ తగిలినవారికి లోపల క్యాన్సర్ ముదిరి ఉండేది. డాక్టరుకు చెప్పింది. 1949లో ఒక సర్జరీ పుస్తకం దానికి ఆమె పేరు పెట్టింది. మన మెడికల్ కాలేజీల్లో కూడా సిస్టర్ మేరీ జోసఫ్ గడ్డ అనే చదువుతారు. (చదివి భయపడకండి. బొడ్డు దగ్గర ఉబ్బు చాలామందికి హెర్నియానే, అది పడుకుంటే తరచు లోపలికి పోతుంది. గట్టిగా ఉండి కదలని గడ్డ, దానితోపాటు బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి.)

పెద్ద డాక్టరు ఆ ఊరికి మేయరుగా, రాష్ట్ర సెనేటరుగా కూడా పనిచేశాడు. తొంభై ఏళ్ళు దాటినా ఊరుకోలేదు. వ్యర్థాల నుండి ఆల్కహాలు తీసే ప్రయోగం చేస్తుంటే యంత్రంలో చేయి నలిగింది. తీసివేయవలసి వచ్చింది. ఆ తరువాత కోలుకోలేదు. 1911 మార్చి 6న చనిపోయాడు. లూయీసమ్మ 1915లో పోయింది. కొడుకులిద్దరు 1919లో తమ ఆస్తిలో ఎక్కువ భాగాన్ని, ఆసుపత్రి వ్యాపారాన్ని లాభం ఆశించని సంస్థకు రాసి ఇచ్చారు. 1939లో మార్చిలో సిస్టర్ మేరీ జోసఫ్, మేలో చార్లీ, జులైలో విల్, నాలుగు నెలల్లో ముగ్గురూ వెళ్ళిపోయారు.

మఖ్పియా ఒకినాజిన్ ఎముకలు మాత్రం చాలాకాలం అక్కడే ఉన్నాయి. దొరికినవాటిని ఎన్నో ఏళ్ళ తరువాత డకోటా ప్రజలకు అప్పగించారు, వారు తమ పద్ధతిలో భూస్థాపన చేసుకున్నారు. 2018లో మేయో సంస్థ ప్రతినిధులు నెబ్రాస్కాలో శాంటీ డకోటాల ఊరికి వెళ్ళి, ఆయన వంశీకుల ఎదుట నిలబడి క్షమాపణ అడిగారు. ఆయన జ్ఞాపకార్థం ఆదివాసీ విద్యార్థికి వైద్య రంగంలో చదువుకోవడానికి ఉపకార వేతనం ఏర్పాటు చేశారు. అప్పటికి ఉరితీసి 155 ఏళ్ళు దాటింది.