కాలవలు కట్టేసిన నెలల చుట్టరికం

తెనాలిలో రేపల్లె బండి ఎక్కినవాళ్లకు దిగాల్సిన స్టేషను దాటిపోతుందన్న బెంగ ఉండదు. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన దాటాక రేపల్లె వస్తుంది. అక్కడితో పట్టాలు అయిపోతాయి. పదీ పన్నెండేళ్ల పిల్లల్ని వేసవి సెలవుల్లో బండెక్కించి, "ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగు, మావయ్య వచ్చి ఉంటాడు" అని ధైర్యంగా పంపించడానికి ఆ ఒక్క కారణం చాలేది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఇవాళ యాభై దాటినవాళ్లను కదిలిస్తే ఆ వేసవుల కబుర్లు వరసగా వస్తాయి. అమ్మమ్మగారి ఊళ్లో పది రోజులు, అక్కడినుంచి పిన్ని దగ్గరికి, దారిలో నాన్న స్నేహితుడి ఇంట్లో ఒక రాత్రి, తిరిగొచ్చేసరికి బడి తెరిచే రోజు. చివరికి మాత్రం అందరూ ఒకే మాటకు వస్తారు: ఆ రోజులే వేరు, ఆ మనుషులే వేరు. రోజులు వేరన్నది అక్షరాలా నిజం. మనుషులు వేరన్నదాన్ని ఒప్పుకోలేను. ఆ రాకపోకల్ని నడిపించింది జనం మంచితనం ఒక్కటే అయితే, ఇప్పుడవి తగ్గడానికి మంచితనం తగ్గడమే కారణమని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఈ నేల పంటల లెక్క చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది.

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఏడాది అంతా కాలవ చెప్పినట్టు నడిచేది. వానాకాలం నీళ్లు వదిలితే వరి నాట్లు. మార్గశిరం, పుష్యం వచ్చేసరికి కోతలు. రేపో మాపో వరి కోస్తారనగా, ఆ చేలోనే తడి మీద మినుములు చల్లేవారు. వరి కోసేశాక ఆ మొక్క మిగిలిన పదునుతో, చలికాలపు మంచుతో పెరిగి, మార్చి నాటికి చేతికొచ్చేది. అప్పటికి కాలవలు కట్టేసేవారు. అంటే ఉగాది దాటిన తర్వాత ఏరువాక దాకా పొలంలో చేయాల్సిన పని దాదాపు లేదు. పైగా ఇంట్లో అన్నీ ఉన్న కాలం అదే. పురిలో ధాన్యం, డబ్బాల్లో కొత్త మినుములు, బజారులో రసాలు, బంగినపల్లి కాయలు, గట్ల మీద తాడిచెట్లకు ముంజలు. నలుగురు చుట్టాలు వారం రోజులుండి తిన్నా ఇల్లుగలవాళ్లకు బరువనిపించని నెలలు అవి. సున్నుండలు వేసవి చుట్టాలకు పెట్టే తాయిలం కావడం వెనక పిల్లల ఇష్టం ఎంత ఉందో, మార్చిలో వచ్చిన మినుముల పంటా అంతే ఉంది.

తీరిక ఉంటే చాలదు, దారి కూడా ఉండాలి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతానికి కాలవలే రోడ్లు అయ్యాయి, పడవలే బండ్లు అయ్యాయి. కానీ జనానికి తీరిక దొరికే నెలల్లోనే కాలవ కట్టేస్తారు. నీళ్లు లేని కాలవలో పడవ నడవదు. ఈ చిక్కు రైలుతో విడిపోయింది. 1899 నాటికి బెజవాడ, మద్రాసుల మధ్య రైలు కలిసి బాపట్ల ఆ దారిలో పడింది. 1916లో రేపల్లె దాకా మరో లైను వచ్చింది. రెండూ తెనాలిలో కలుస్తాయి. మూడో వైపు, అంటే బాపట్లకూ రేపల్లెకూ మధ్య, రైలు ఇప్పటికీ లేదు. చెరుకుపల్లి మీదుగా రోడ్డే గతి. వేసవి సెలవుల్లో ఈ రైలు ఎంత జనాన్ని కదిలించగలదో చెప్పడానికి చరిత్రలో ఒక గుర్తు ఉంది. మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది 1913 మే నెలలో, మండుటెండల్లో. ప్లీడర్లకు, పంతుళ్లకు, విద్యార్థులకు వేసవి సెలవులున్న కాలం కావడం, బాపట్ల రైలు మీద ఉండటం ఆ సభకు కలిసొచ్చి ఉండాలి. చుట్టాల్ని కలిపిన నెలే తెలుగువాళ్లందరినీ ఒక పందిట్లో కూర్చోబెట్టింది.

ఇక మూడోది, చుట్టరికం ఉన్న తీరు. ఇరావతి కర్వే 1953లో భారతదేశపు బంధుత్వాల మీద రాసిన పుస్తకంలో ఉత్తరానికీ దక్షిణానికీ ఒక పెద్ద తేడా చూపించారు. ఉత్తరాన ఆడపిల్లను ముక్కూ మొహం తెలియని దూరపు ఊరికి ఇవ్వడం రివాజు. దక్షిణాన మేనరికాల వల్ల అదే కుటుంబాల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడం తరతరాలుగా సాగింది. మనకు మేనమామ భార్యా అత్తే, నాన్న చెల్లెలూ అత్తే, పెళ్లయితే మొగుడి తల్లీ అత్తే. వియ్యాలు ఇలా అల్లుకున్నచోట తెనాలి నుంచి బాపట్ల వెళ్లిన పిల్ల పరాయి ఇంటికి వెళ్లినట్టు కాదు. ముంతలో బెల్లం ఎక్కడుంటుందో తెలిసిన ఇంటికే వెళ్లేది. స్నేహాలు కూడా ఈ దారిలోనే కుదిరేవి. అత్తయ్యగారి పక్కింటి పిల్లలు ఏటా కనిపించి ఏటా దగ్గరయ్యేవారు. ఒక 'చందమామ' పది చేతులు మారి, అట్ట ఊడి, మధ్యాహ్నమంతా వసారాలో తిరిగేది. ఆ పత్రికను 1947లో మొదలుపెట్టిన చక్రపాణిదీ, దశాబ్దాల పాటు నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఈ తీపి కబుర్లన్నీ మగవాళ్లవీ, పిల్లలవీ కదా, వంటింట్లో ఉన్న మనిషిని ఎవరైనా అడిగారా? అడగాల్సిందే. రోహిణి కార్తెలో, కట్టెల పొయ్యి ముందు, రెండు పూటలా పదిహేను మందికి వండటం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మధ్యాహ్నం అందరూ తడిపిన వట్టివేళ్ల తడికల వెనక కునుకు తీస్తుంటే ఆవిడ ఆవకాయకు మామిడి ముక్కలు తుడుస్తూ ఉండేది. ఒక్కో ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి, జీడి తీసేసి, లోపలి పొర గీకి, టెంక ఊడకుండా చూసి పక్కన పెట్టాలి. ఏ ముక్కకు తడి మిగిలినా జాడీ అంతా బూజు పడుతుంది. బాపట్లలో 1896లో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మ, 'శారద లేఖలు' పేరిట స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టుగా ఆడవాళ్ల బతుకు గురించి రాశారు, అదే ఊళ్లో స్త్రీ హితైషిణీ మండలి నడిపారు. ఇంటి చాకిరీ గడప దాటి మాటల్లోకి రావాలంటే అలాంటి పూనిక కావలసి వచ్చింది. కాబట్టి అభ్యంతరం న్యాయమైనదే. కానీ దానితో పాటు ఇంకో సంగతీ చెప్పాలి. ఆ ఇల్లాలికి ఏడాదిలో దొరికే ఒకే ఒక్క సెలవు కూడా ఈ వేసవి ప్రయాణమే. పుట్టింటికి వెళ్లిన పది రోజులు ఆవిడ ఆలస్యంగా లేవచ్చు, అమ్మ వడ్డిస్తే కూర్చుని తినొచ్చు. అక్కడ ఆ భారం వదిన మీద పడేదన్నదీ నిజమే. ఆ రాకపోకల్ని మళ్లీ కోరుకునేవాళ్లు చాకిరీ పంపకాన్ని మార్చి కోరుకోవాలి. అన్నదమ్ములు, బావమరదులు కత్తిపీట ముందు కూర్చోవడానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. పొలంలో పని లేని నెలలు భూమి ఉన్నవాడికి తీరిక. కూలికి వెళ్లే ఇంటికి అవే నెలలు పస్తుల నెలలు. పైగా తలుపులు తెరిచి పిలిచింది చుట్టాల్నీ, కులంలో వాళ్లనీ మాత్రమే. తెనాలి నుంచి బాపట్లకు వెళ్లే బండి చుండూరు మీదుగా పోతుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపిన ఊరది. ఆ వేసవుల గురించి ప్రేమగా రాసేవాళ్లు ఆ స్టేషను పేరు దాటవేసి రాయకూడదు. ఈ ఆప్యాయతకు ఎల్లలున్నాయి, అవి చాలా కటువైనవి. అందుకని ఆప్యాయతే అబద్ధమని అనలేం. కూలి కుటుంబాలకూ చుట్టాలున్నారు. వాళ్ల ఇళ్లలోనూ అమ్మమ్మలు పిల్లల కోసం ఎదురుచూశారు. తీరిక, తిండి, రైలు టిక్కెట్టు అందరికీ ఒక్కలా అందకపోవడమే అక్కడ జరిగిన అన్యాయం.

ఇప్పుడు ఏం మారిందో చూద్దాం. మొదట పంట మారింది. పల్లాకు తెగులుతో, బంగారు తీగతో మినుము దెబ్బతిన్నాక తెనాలి చుట్టుపక్కల వరి మాగాణుల్లో దుక్కి లేకుండానే మొక్కజొన్న, జొన్న వేయడం మొదలైంది. మినుము మార్చికి ఇంటికొస్తే, మొక్కజొన్న ఏప్రిల్ దాకా చేలో ఉంటుంది. కోసి, ఎండబెట్టి, అమ్ముకునేసరికి మే వస్తుంది. రేపల్లె, నిజాంపట్నం తీరంలో రొయ్యల చెరువులు వచ్చాయి. 2009లో వనామీ రకం దేశంలోకి వచ్చాక వేసవే ముఖ్యమైన పంట కాలాల్లో ఒకటైంది. రాత్రిపూట కరెంటు పోయి నీళ్లలో ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువు చెరువంతా తేలిపోతుంది. చెరువు వేసినవాడు చెల్లెలి ఇంటికి వెళ్లి ఒక్క రాత్రి ఉండలేడు. పిల్లల వైపు చూస్తే, ఇంటర్‌ మొదటి ఏడాది పరీక్షలైన వెంటనే రెండో ఏడాది పాఠాలు, లేకపోతే ప్రవేశ పరీక్షల కోచింగ్. అమెరికాలో ఉన్న మనుమలకు బడులు చాలాచోట్ల మే చివర్లోనో జూన్‌లోనో మూస్తారు. ఇక్కడి పిల్లలకు జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. అక్కాచెల్లెళ్ల పిల్లలకు ఒకరంటే ఒకరికి ప్రాణమే అయినా, ఇద్దరి సెలవులూ ఒకచోట కలవడం కష్టం. ఎండల సంగతి కూడా అంటారు గానీ దాన్ని పెద్ద కారణమనుకోను. వడగాడ్పులు అప్పుడూ ఉన్నాయి, సూర్యలంక మీదుగా సాయంత్రం వీచే సముద్రపు గాలి ఇప్పుడూ ఉంది.

మనుషులు మారలేదనడానికి రుజువు సంక్రాంతి. ఆ వారం హైదరాబాదు నుంచి వచ్చే రైళ్లలో, బస్సుల్లో నిలబడటానికి చోటుండదు. రావాలన్న కోరిక లేకపోతే ఎవరూ అంత కష్టపడి రారు. అయితే సంక్రాంతి మూడు రోజులే. ఆ మూడు రోజులూ అందరూ తమ తమ ఇళ్లలోనే ఉంటారు. అమ్మానాన్నల్ని చూడటం కుదురుతుంది గానీ పిన్ని ఇంట్లో పది రోజులుండటం కుదరదు. ఒకరు ఇంట్లో ఉండి ఇంకొకరు బయల్దేరితేనే చుట్టపుచూపు అవుతుంది. అందుకు నలభై రోజుల వెసులుబాటు కావాలి. ఫోనుంది కదా అంటారు. ఫోను మంచిదే, 2020 వేసవిలో రైళ్లు ఆగిపోయినప్పుడు చుట్టాల్ని కలిపి ఉంచింది అదే. కానీ ఫోనులో అత్తయ్య కనిపిస్తుంది, అత్తయ్య పక్కింటివాళ్లు కనిపించరు. ఒకే డాబా మీద నాలుగు రాత్రులు పడుకుంటే పిల్లలు తమలో తాము చెప్పుకునే కబుర్లకు అందులో చోటు లేదు.

2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. చుట్టరికాలకు ఆ గీత అడ్డు కాదు. అడ్డొస్తున్నవి తేదీలు, తేదీల్ని సర్దుకోవచ్చు. జూన్ మొదటి వారం అందుకు అనువైనది. మొక్కజొన్న అమ్ముడైపోయి ఉంటుంది, నారుమళ్ల పని ఇంకా మొదలుకాదు, ఇక్కడి బడులు తెరవరు, అమెరికావి కొన్ని అప్పటికే మూసి ఉంటాయి. రసాలు ఇంకా దొరుకుతూనే ఉంటాయి, కొత్త ఆవకాయ అప్పుడప్పుడే ఊరి ఉంటుంది.