ఇండియన్ నేవీ: యుద్ధం చేసిన పాత ఓడే.. క్యాడెట్లకు బడి! 'ఐఎన్ఎస్ కృష్ణా' కథ తెలుసా?

సంగం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి నేవీలో చేరాలని ప్రిపేర్ అవుతున్నారా? అయితే ఒకటి క్లియర్‌గా తెలుసుకోండి. సెలెక్ట్ అవ్వగానే ఓడ ఎక్కించరు.

అగ్నివీర్‌లకు తొలి శిక్షణ ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో. పేరు చూసి ఓడ అనుకునేరు.. అది చిల్కా సరస్సు దగ్గర నేల మీదున్న ట్రైనింగ్ సెంటర్. ఒడ్డున ఉండే కేంద్రాలకూ నేవీ ఓడల్లాగే పేర్లు పెడుతుంది. తొలి అగ్నివీర్ బ్యాచ్ 2023 మార్చి 28న ఇక్కడి నుంచే బయటకొచ్చింది. అందులో 273 మంది అమ్మాయిలు.

ఆఫీసర్ల రూటు వేరు. ముందు కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీ. తర్వాత కొచ్చిలోని ఫస్ట్ ట్రైనింగ్ స్క్వాడ్రన్ ఓడల మీద సముద్ర పాఠాలు. పాత యుద్ధనౌకలు టీచర్లయ్యేది ఇక్కడే.

మన కృష్ణా నది పేరు పెట్టుకున్న ఓడ సంగతే చూడండి. 1967లో బ్రిటన్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో నీళ్లలోకి దిగిన ఈ ఫ్రిగేట్ అసలు పేరు ఆండ్రోమెడా. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పాల్గొంది. 1995లో భారత్ కొనుక్కుని ఐఎన్ఎస్ కృష్ణాగా మార్చింది. పోరాటానికి కాదు, శిక్షణకు! 2012 మేలో రిటైర్ అయ్యేదాకా క్యాడెట్లు దీని మీదే అలల దెబ్బ రుచి చూశారు.

ఐఎన్ఎస్ మగర్‌దీ అలాంటి కథే. 1987లో నేవీలో చేరిన ఈ ఓడ పని సైనికుల్ని, ట్యాంకుల్ని తీరానికి దించడం. 2018లో ట్రైనింగ్ షిప్ అయింది, 2023 మేలో సెలవు తీసుకుంది.

మరి పాతవే ఎందుకు? కాపలా కాయాల్సిన కొత్త యుద్ధనౌకను నెలల తరబడి క్లాస్‌రూమ్ చేస్తే సరిహద్దు ఎవరు చూడాలి? అదీకాక వాంతులు చేసుకుంటూనే డ్యూటీ చేయడం, అర్ధరాత్రి వాచ్, దిక్కు పట్టడం, మంటలార్పడం.. వీటికి లేటెస్ట్ మిస్సైల్ అక్కర్లేదు, ఊగే డెక్ ఉంటే చాలు. కాకపోతే ముసలి ఓడకు రిపేర్లు ఎక్కువ. ఇంజిన్లు, పరికరాలు కూడా ఇవాళ్టివి కావు.

అందుకే శిక్షణ కోసమే మూడు కొత్త ఓడలు కట్టేందుకు రక్షణ శాఖ 2023 మార్చిలో ఎల్ అండ్ టీతో రూ.3,108 కోట్ల ఒప్పందం చేసుకుంది. మహిళా క్యాడెట్లకూ వీటిలో శిక్షణ ఉంటుంది. కట్టేది కాట్టుపల్లిలో.. ఎక్కడో కాదు, మన నెల్లూరు నుంచి వెళ్తే చెన్నై సిటీ కంటే ముందే వస్తుంది.