పురుగుమందుల అంగడికి లైసెన్సు ఏల?

ఒక మూల ఉప్పు, పప్పు, బెల్లము; మరియొక మూల పురుగుమందు డబ్బాలు. ఇట్టి కిరాణాకొట్లు పల్లెలలో మాకు ఇప్పటికిని అగుపడుచున్నవి. రైతునకు అన్నియు ఒక్కచోటనే దొరకుట సదుపాయమే గదా యని పంచాయతీ సభ్యులలో కొందరు తలంచెదరు. చట్టము ఇందుకు సమ్మతింపదు.

1958లో కేరళమున గోధుమపిండితో చేసిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. పారాథియాన్ అను పురుగుమందును ఆ పిండిని ఒకే ఓడలో చేర్చి తెచ్చిరి. మందు కారి పిండిలో కలిసినది. తినువారికి ఆ సంగతి తెలియు దారి లేదు. దానిపై విచారణ జరిగినది. ఆ పిమ్మట 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో నియమావళియు వచ్చినవి.

మనుష్యులు గాని పశువులు గాని తిను వస్తువులున్న కట్టడములో పురుగుమందును అమ్మరాదు, నిలువ చేయరాదు అని ఆ నియమావళి శాసించుచున్నది. తవుడు, తెలగపిండి కూడ ఇందు చేరును. బీరువాలో పెట్టి తాళము వేసితిమనుట చెల్లదు. నియమము కట్టడమునంతటిని గూర్చినది. ఇండ్లలో దోమలకు, బొద్దింకలకు వాడుటకై రిజిస్టరైన మందులకు మాత్రమే మినహాయింపు గలదు.

కలుపుమందులును తెగుళ్ల మందులును చట్టము దృష్టిలో పురుగుమందులే. వీనిని అమ్ము ప్రతి స్థలమునకు వేరుగా లైసెన్సు ఉండవలెను. పట్టణమందలి అంగడి లైసెన్సు చూపి గ్రామములో ఒక గది తెరచుట అక్రమము. లైసెన్సును కొనువారికి కనబడునట్లు వ్రేలాడదీయవలెను, అమ్మిన సరుకునకు బిల్లు ఈయవలెను. అప్పు సరుకునకు బిల్లు అడుగుటకు రైతు మొగమోటపడును. పైరు మాడినపుడు ఆతని చేతిలో ఆధారమేమియు ఉండదు.

డబ్బాపై త్రికోణపు రంగును చూడుడు. ఎరుపు అత్యంత విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తక్కువ విషములు. ఆకుపచ్చయు నిరపాయకరము కాదు.

తప్పు కనబడినచో సభ్యులు డబ్బాలను తామే స్వాధీనము చేసికొనరాదు. మండల వ్యవసాయాధికారికి వ్రాతమూలమున తెలుపవలెను. పురుగుమందుల ఇన్‌స్పెక్టరు నమూనా తీసి మూడు భాగములు చేయును: ఒకటి అంగడివానికి, ఒకటి పరీక్షాలయమునకు, మిగిలినది న్యాయస్థానమున చూపుటకు.