పెరటి గోలెంలో పిల్లల్ని కనే చేపలు
కనడం తల్లి వంతు – కాపాడటం పెంచేవారి వంతు

చేప గుడ్లు పెడుతుందని పసివాళ్లకు సైతం తెలుసు. కాని గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే రంగుచేపల తీరు వేరు. గుడ్లు కడుపులోనే పొదిగి, పుట్టీపుట్టగానే ఈదగల పిల్లల్ని ఇవి కంటాయి. పెరట్లో కాస్త నీడ, నీటి వసతి, నాలుగైదు సిమెంటు గోలేలు ఉన్న కుటుంబం వీటిని సులువుగా పెంచవచ్చు. చిక్కల్లా ఒకటే. ఈ పిల్లలకు తొలి శత్రువు కన్నతల్లే!

వీటి పుట్టిల్లు అమెరికా ఖండాలు. అన్నింటిలోకి తేలికగా పెరిగేది గప్పీ. 1866లో ట్రినిడాడ్ దీవి నుంచి ఈ చేపలను లండన్‌లోని మ్యూజియానికి పంపిన గప్పీ అనే ఆయన పేరే దీనికి స్థిరపడింది. మగచేప అంగుళం పైచిలుకు ఉంటుంది. తోక రంగురంగులుగా ఉంటుంది. ఆడచేప పెద్దది, రంగు తక్కువ. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపల చొప్పున వేయాలి. మగవి ఎక్కువైతే ఆడవాటిని వెంటపడి వేధిస్తాయి.

ఒక్కసారి మగచేపతో కలిస్తే చాలు, ఆడ గప్పీ నెలల తరబడి పలు కాన్పులు ఈనగలదు. సుమారు నాలుగు వారాలకొక కాన్పు. ఈడును బట్టి 20 నుంచి 50 దాకా పిల్లలు పుడతాయి. పొట్ట బాగా ఉబ్బి, వెనుక భాగాన నల్లమచ్చ ముదిరిందంటే పురుడు దగ్గరపడినట్లే.

అప్పుడే జాగ్రత్త అవసరం. గోలెంలో నాచు దట్టంగా వేస్తే పిల్లలు అందులో దాక్కుంటాయి. లేదా సన్నని రంధ్రాల ప్లాస్టిక్ బుట్టను నీటిలో ఉంచి, తల్లిని అందులో వదలాలి. పిల్లలు రంధ్రాల గుండా బయటపడతాయి, తల్లి మాత్రం రాలేదు. ఈనిన వెంటనే తల్లిని వేరే గోలెంలోకి మార్చాలి. ఈ ఏర్పాటు లేకుంటే తెల్లారేసరికి పిల్లల్లో సగం కూడా మిగలకపోవచ్చు.

పిల్లలకు ఉడికించిన గుడ్డు పచ్చసొన, మెత్తగా పొడిచేసిన మేత చిటికెడు చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు వేయాలి. మిగిలిన మేత కుళ్లితే చేపలు చస్తాయి. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి. కుళాయి నీటిని ఒక రోజు ఆరుబయట నిలవ ఉంచి పోయాలి. పప్పు ఉడకని బోరునీరని విసుక్కునేవారికి ఒక శుభవార్త. అటువంటి గట్టినీరే ఈ చేపలకు నప్పుతుంది.

నెల దాటాక మగ, ఆడ పిల్లల్ని విడదీయాలి. ఒక్కో రంగుకు ఒక్కో గోలెం ఉండాలి. రంగులు కలిస్తే కొన్ని తరాలకు చేపలు వెలవెలబోయి, కొనే దుకాణదారు ముఖం తిప్పుకుంటాడు. పెట్టుబడికి ముందే పట్నంలోని దుకాణాలలో ఏ రకం అమ్ముడవుతుందో కనుక్కోవడం మంచిది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల పెంపకానికీ చోటు కల్పించారు. వివరాలు మత్స్యశాఖ కార్యాలయంలో తెలుసుకోవచ్చు.

చెరువులో వదలరాదు

పిల్లలు ఎక్కువైనప్పుడు కొందరు ఊరి చెరువులో కుమ్మరిస్తారు. ఇది ముప్పు. దోమల నివారణకని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన గంబూసియా కూడా పిల్లల్ని కనే చేపే. అది దోమ లార్వాతో సరిపెట్టుకోక ఇతర చేపల గుడ్లను, పిల్లలను తింటుంది. గప్పీలు సైతం చెరువుకు చేరితే నాటు చేపల మేతకు పోటీపడి, వాటి పిల్లలను మింగుతాయి. ఒకసారి పాతుకుపోతే ఏరివేయడం దాదాపు అసాధ్యం. చెరువునే నమ్ముకున్న బెస్తల కడుపు కొట్టినట్లవుతుంది.

ఇంటి తొట్టిలో దోమలు పెరగకుండా నాలుగు గప్పీలు వేసుకుంటే మేలే. మిగిలినవి తోటి పెంపకందారుకు ఇవ్వాలి. వానకు పొంగి కాలువలో కలవకుండా గోలేలపై వల బిగించాలి. పెరటి చేప పెరట్లోనే ఉంటే ఇంటికీ లాభం, ఊరికీ క్షేమం.